తోలు కప్పిన పిల్ల

మా అమ్మ ఉలిగమ్మ చెయ్యి చిన్నది. పెనుకొండ తిరునాళ్లలో గాజులమ్మే ఆమె ప్రతి ఏడూ అమ్మను చూడగానే చిన్నపిల్లల గాజుల పెట్టె ముందుకు జరిపేది. ఆ చిన్న చెయ్యే అమ్మకు చుట్టుపక్కల ఊళ్లలో పేరు తెచ్చింది. గొర్రె గొంతులో మామిడి టెంక అడ్డం పడినా, ప్లాస్టిక్ కవరు ఇరుక్కున్నా, ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగినా మగవాళ్ల చేతులు లోపలికి పట్టవు. అమ్మ చెయ్యి పడుతుంది. మణికట్టు దాకా పోనిచ్చి, కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో వెతికి, ఉన్నదాన్ని బయటికి తీస్తుంది. ఆమెది మంచి హస్తవాసి అని గొర్రెలు కాచుకునే మావాళ్లందరూ అంటారు.

ఆ హస్తవాసికి ఒక నియమం ఉంది. గొర్రెకు పెట్టిన చేతికి సబ్బు తగలకూడదు. పొయ్యిలో బూడిద, కాస్త పసుపు, నీళ్లు, అంతే. సబ్బు తగిలితే వాసి పోతుందని ఈ పని అమ్మకు నేర్పిన మా అవ్వ చెప్పిందట. అవ్వ పోయి చాలా కాలమైనా ఆ మాట మాత్రం మా ఇంట్లో గట్టిగా నిలిచి ఉంది. నేను ధర్మవరంలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నోరు కాస్త పెద్దదని నాకే తెలుసు. సబ్బు విషయంలో అమ్మతో నేను పడిన గొడవలకు అంతు లేదు. నీ చేతికి ఎన్ని సబ్బులన్నా రుద్దుకో, నా చెయ్యి జోలికి రావద్దు అని అమ్మ తేల్చేసేది.

వైరస్‌ల పాఠం నేను ఏటా చెబుతాను. వైరస్‌కు కాళ్లు లేవు, నోరు లేదు, తనంతట తాను ఒక్కటి రెండు కాలేదు. మన ఒంట్లో కణాల పైపొర మీద రిసెప్టర్లు ఉంటాయి. అవి కణం తన పని కోసం పెట్టుకున్నవి, వైరస్ కోసం కాదు. వైరస్ ఒంటి మీది ముళ్లలాంటి ప్రోటీన్ వాటిలో దేన్ని పట్టుకోగలదో, ఆ జబ్బు ముందు అక్కడే మొదలవుతుంది. ఒకటి ఊపిరితిత్తులను పట్టుకుంటుంది, ఒకటి కాలేయాన్ని, ఒకటి నరాన్ని. పట్టు దొరకకపోతే కొట్టుకుపోతుంది. పుస్తకంలో దీన్ని తాళం, తాళంచెవి అని రాశారు. పిల్లలు పరీక్షలో అదే దింపుతారు. నాకు ఆ పోలిక చూస్తేనే ఒళ్లు మండేది. తాళంచెవి ఇంటివాళ్ల దగ్గర ఉండేది కదా, దొంగకు ఎవరిచ్చారు? అయితే అంతకంటే మంచి పోలిక నా దగ్గరా లేదు కాబట్టి మార్కులు వేసేదాన్ని.

ఆ శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూంలో చిత్రాన్నం క్యారియర్ విప్పుతుంటే అమ్మ ఫోన్ చేసింది. తన చెయ్యి చెడిపోయిందని మొదలుపెట్టింది. పక్క ఊరి తిమ్మప్ప మామ వారం కిందట ఒక గొర్రెను తోలుకొచ్చాడట. ఈయన అమ్మను అక్కా అని పిలుస్తాడు, మాకు మామ వరస. ఆ గొర్రె గొంతులో ఏదో అడ్డం పడిందని ఇద్దరూ అనుకున్నారు. అమ్మ చెయ్యి పెట్టి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మర్నాటికి గొర్రె చచ్చిపోయింది. గొంతులో ఉన్నది చేతికి తెలియకపోవడం తన బతుకులో ఇదే మొదటిసారని అమ్మ బాధ. నేను తింటూ ఊ కొడుతున్నాను.

నోట్లో నుంచి ఒకటే చొంగ కారుతుండిందని అమ్మ అంది. నీళ్లు పెడితే మూతి పెట్టింది గానీ మింగలేకపోయిందట. గొంతు మారిపోయి అదోరకంగా అరిచిందట. తన బొచ్చు తానే పీక్కుందట. నా చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

ఆ మందలో ఈమధ్య కుక్క పడిందా అని అడిగాను. నెల రోజులకు ముందు ఒక ఊరకుక్క పడి నాలుగు గొర్రెలను పీకి పోయిందని, ఈ గొర్రెకు కాలి దగ్గర గాయమైనా అది మానిపోయిందని, దానికీ దీనికీ సంబంధమేంటని అమ్మ తిరిగి అడిగింది.

"నీ చేతికి దాని పళ్లు తగిలినాయా?"

"గొర్రె నోట్లో చెయ్యి పెడితే పళ్లు తగలకుండా యాడికి పోతాయి మే? రోంత గీరుకునింది. ఎండిపోయిందిలే."

నాకు భయం వేసింది. అంతకు ముందెప్పుడూ అంత భయం వేయలేదు. గొర్రెకు రేబిస్ వస్తే గొంతు కండలు పడిపోతాయి. తన చొంగ తానే మింగలేదు. చూసేవాళ్లకు ఏదో అడ్డం పడినట్టే ఉంటుంది. ఇంకెవరైనా అయితే అలాంటి గొర్రెను దూరం నుంచి చూసి వదిలేస్తారు. మావాళ్లు మాత్రం నోరు తెరిచి చెయ్యి పెడతారు. మనిషిని కుక్క కరవలేదు, గొర్రె కూడా కరవలేదు. అడ్డం పడినదాన్ని తీద్దామని మంచి మనసుతో పెట్టిన చెయ్యి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ జబ్బు ఒకసారి బయటపడిందంటే మందు లేదు. బయటపడకముందు అయితే ఉంది. ఆ రెండింటి మధ్య మా అమ్మ బూడిదతో చెయ్యి కడుక్కుని కూర్చుని ఉంది.

చెప్పకుండానే కాలేజీ నుంచి బయటపడి బెంగళూరు వైపు పోయే ప్యాసింజరు ఎక్కాను. రైల్లోంచే మా మండలం పశువుల డాక్టరు శ్రీదేవికి ఫోన్ చేశాను. గొర్రెను పూడ్చేశారు కాబట్టి ఇప్పుడు పరీక్షకు ఏమీ మిగలలేదని, అయినా రుజువు కోసం ఆగవద్దని ఆమె చెప్పింది. ఆలస్యమైనా సరే సబ్బుతో బాగా కడగాలి, వెంటనే హిందూపురం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి, టీకాతో పాటు గాయం ఉన్న చోటనే సీరం వేయించాలి. తిమ్మప్ప మంద సంగతి తాను చూసుకుంటానంది. పెనుకొండలో దిగి స్టేషను ముందు అంగట్లో ఒక సబ్బు కొన్నాను. ఆటోలో ఆ సబ్బును గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాను.

నాయన మందతో కొండ కిందికి పోయాడు. అమ్మ వాకిట్లో గొర్రెలను తోలే రొప్పం దగ్గర ఉంది. రొప్పంలో ఒక గొర్రె, దాని పక్కన ఒక చిన్న పిల్ల ఉన్నాయి. నేను పలకరించకుండానే అమ్మ చెయ్యి పట్టుకుని చూశాను. చూపుడువేలు, నడిమివేలు కణుపుల మీద ఎండిన గీతలు ఉన్నాయి. అవి గోరుతో గీసినట్టు సన్నగా ఉన్నాయి. అమ్మను అడిగితే ముల్లు గీరిందని చెప్పి మరిచిపోయే గీతలు.

జబ్బు సంగతి చెప్పాను. అమ్మ నమ్మింది. పిచ్చికుక్క కరిచి పోయినవాళ్లను మా ఊళ్లో చూసినవాళ్లు ఉన్నారు, నమ్మకపోవడానికేముంది. సూది వేయించుకోవడానికి కూడా సరేనంది. సబ్బు తీసేసరికి మాత్రం చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఆసుపత్రిలో ఆ వేళ్లకే సూది గుచ్చి మందు ఎక్కిస్తారని చెప్పేసరికి మనిషే రెండడుగులు వెనక్కి పోయింది.

నేను అరిచాను. చదువుకున్నదాన్నని, కూతుర్నని, ఇరుగుపొరుగు వింటారని ఏమీ చూసుకోకుండా నోటికి వచ్చినట్టు అరిచాను. అమ్మ మధ్యలో అడ్డం రాలేదు. నేను ఆయాసపడి ఆగాక మెల్లగా మాట్లాడింది.

"సూది వద్దని ఎవరన్యారు? భుజానికి ఏపిచ్చుకుంటా. ఎన్నేస్తే అన్ని ఏపిచ్చుకుంటా. ఈ చేతికి మాత్రం వద్దు మే. మీ అవ్వ చేతికి తుమ్మముల్లు దిగి, కోసి, సూదులేసినాక ఏళ్లు వంగినాయా? సచ్చేదాకా ముద్ద కూడా ఎడమచేత్తోనే తినె. నలుగురూ పిల్చేది నన్ను కాదు, ఈ చేతిని. ఇది మొద్దుబారినాక నేనుండి ఏం జేస్తా?"

అవ్వ చెయ్యి నాకు గుర్తుంది. వంగని ఆ వేళ్లతో నా జడ వేయబోయి వేయలేక అమ్మను పిలిచేది. అందుకే ఆ క్షణం నాకు కోపం నిలవలేదు. గాయంలో యాంటీబాడీలు వేయాలి, అవి వైరస్ ప్రోటీన్‌ను కప్పేస్తాయి, అప్పుడది రిసెప్టర్‌కు అతుక్కోలేదు అని తరగతిలో చెప్పినట్టే చెప్పాను. నీ బడి మాటలు నాకు ఎక్కవని అమ్మ రొప్పం వైపు తిరిగింది. ఆమె చూపుతో పాటు నా చూపూ అటు పోయింది.

అప్పుడు చూశాను ఆ పిల్లను సరిగ్గా. దాని ఒంటి మీద ఇంకో తోలు ఉంది. ఆ గొర్రె సొంత పిల్ల పుట్టిన వెంటనే చచ్చిపోయిందట. ఇంకో గొర్రెకు కవల పిల్లలు పుట్టాయి గానీ దాని పాలు రెండింటికీ చాలడం లేదు. కవలల్లో ఒకదాన్ని తెచ్చి, చచ్చిన పిల్ల తోలు ఒలిచి దీనికి చొక్కాలా తొడిగారు. మా ఇళ్లలో ఇది మామూలే. ఆ పిల్ల తల వంచుకుని గొర్రె కడుపు కిందికి దూరింది. గొర్రె మూతి వెనక్కి తిప్పి పిల్ల తోక దగ్గర ఒకసారి వాసన చూసి, గమ్మున నిలబడి పాలిచ్చింది.

చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు చూస్తే వేరేగా కనబడింది. ఆ గొర్రెకు అది తన పిల్లని ఎట్లా తెలిసిందని అమ్మను అడిగాను. వాసన అంది. ముఖం చూడదా అంటే, చూడదు, తోలు వాసన ఒకటి సరిపోతే చాలు, లోపల ఎవరున్నారో దానికి పట్టదు అంది. తన కూతురికి ఇది కూడా తెలియదా అన్నట్టు నన్ను చూసింది.

నేను అమ్మను రొప్పం గట్టు మీద కూర్చోబెట్టి, ఆ చేతినే ఒళ్లో పెట్టుకుని చెప్పాను. చెయ్యి కదలాలంటే నరం నుంచి కండకు కబురు రావాలి. ఆ కబురును వాసన పట్టడానికి కండ మీద గొర్రె ముక్కుల్లాంటివి చాలా ఉంటాయి. కబురు ముక్కుకు తగిలితే కండ కదులుతుంది. ఈ జబ్బు పురుగు గాయంలో పడి, కబురులాంటి తోలు కప్పుకుని ఆ ముక్కుల దగ్గరికి పోతుంది. తోలు లోపల ఎవరున్నారో ముక్కు చూడదు, వాసన సరిపోతే పట్టుకుంటుంది. అక్కడ పట్టు దొరికితే పక్కనే ఉన్న నరం కొనలోకి దూరుతుంది. అక్కడి నుంచి నరాన్ని పట్టుకుని మెదడు దాకా పోతుంది. నరంలోకి పోయినదాన్ని మనం వెంటాడలేం. ఈ రోజుకు అది ఇంకా వేళ్ల దగ్గరే తచ్చాడుతుండొచ్చు. భుజానికి వేసే టీకా ఒంటికి ఆ పురుగును గుర్తుపట్టడం నేర్పిస్తుంది గానీ ఒళ్లు నేర్చుకోవడానికి రోజులు పడతాయి. సీరం అట్లా కాదు. అది ముందే నేర్చుకుని వచ్చిన మందు. పురుగు ఉన్న చోట పోస్తే దాని తోలుకు అంటుకుపోయి వాసన తెలియకుండా చేస్తుంది. ముక్కు పట్టుకోదు. పట్టు దొరకని పురుగు చచ్చిపోతుంది.

అమ్మ రొప్పం వైపు తిరిగింది. తోలు కప్పిన పిల్ల తోక ఊపుతూ పాలు తాగుతుంటే దాన్నే చూస్తోంది. తర్వాత ఒక ప్రశ్న వేసింది. పాలు పితుక్కోవాలంటే పిల్ల తాగకుండా పొదుగుకు పేడ పూస్తాం కదా, అట్లా ఆ ముక్కులకే ఏమైనా పూసేస్తే సరిపోదా అని.

ఇన్నేళ్లలో నన్ను ఏ విద్యార్థీ అడగని ప్రశ్న అది. భయంలో కూడా నాకు సంతోషం వేసింది.

"ఆ పని నాగుబాము చేస్తాదమ్మా. దాని విషం ఆ ముక్కుల మీదే పోయి కూర్చుంటాది. ఇంక నరం కబురు కండకు అందదు. రెప్పలు పడిపోతాయి, ఊపిరి నిల్చిపోతాది. ముక్కులు మనకు కావాల. వాటి జోలికి పోగూడదు. పురుగు తోలుకే పూయాల."

మా దాయాది ఒకాయన పాము కరిచినప్పుడు రెప్పలు ఎత్తలేక వేళ్లతో పైకి పట్టుకోవడం అమ్మ కళ్లారా చూసింది. ఆయన పేరు ఎత్తి, తల ఊపింది. తన చెయ్యి తిప్పి గీతల వైపు చూసుకుంది.

"అట్లయితే తోలు యాడుండాదో ఆడే పూయాల. పురుగు ఏళ్లల్లో ఉంటే భుజానికి పూసి ఏం లాభం," అంది. అది నాతో అనలేదు, తనలో తాను అనుకుంది.

సబ్బు సంగతి కూడా చెప్పాను. ఆ పురుగు తోలు కొవ్వుతో చేసింది, కొవ్వును సబ్బు కరిగిస్తుంది, తోలు కరిగితే ఇంక దానికి వేషమే లేదు. ఉన్ని జిడ్డు సబ్బుకు తప్ప దేనికీ పోదని అమ్మకు ఒకరు చెప్పాలా. నా చేతిలోంచి సబ్బు తీసుకుంది. తొట్టి దగ్గరికి పోయి, ఒకసారి ఆకాశం వైపు చూసి, అవ్వకు ఏదో చెప్పుకున్నట్టు పెదవులు కదిపింది. ఆ తర్వాత నేను చాలు అనేదాకా కడిగింది.

తిమ్మప్ప మామను కూడా ఆసుపత్రికి బయల్దేరదీశాం. గొర్రె దవడలు పట్టుకుని తెరిచింది ఆయనే. తన చేతికి గీత కూడా పడలేదని ఆయన మొరాయించాడు గానీ, ఎండకు పగిలిన ఆ అరచేతుల నిండా గీతలే. హిందూపురం బస్సులో ఆయన అమ్మ చెయ్యి వాసన చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"సబ్బు పెట్టేసినావా అక్కా? ఇంక వాసి యాడుంటాది?"

అమ్మ ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ మాట ఆమెకు తగిలిందని నాకు తెలుసు. మామను అక్కడే దులిపేద్దామనుకుని, ఆయన కూడా సూదికి భయపడుతున్నాడని చూసి నోరు మూసుకున్నాను.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు మడకశిర వైపు అబ్బాయి. తిమ్మప్ప మామతో కన్నడంలో మాట్లాడి నవ్వించి, ముందు ఆయన పని ముగించాడు. అమ్మ వేళ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపాడు. వేళ్లలో చోటు తక్కువ కాబట్టి ఒకేసారి ఎక్కువ మందు పోయకూడదని, మెల్లగా, వేలు బిగుసుకోకుండా చూసుకుంటూ పోస్తానని, వేళ్లు మొద్దుబారవని, కొన్నాళ్లు వాచి నొప్పి పెడతాయని అమ్మకు చెప్పాడు. ఈ చేతితో ఏం పని చేస్తావని అడిగి, విని, ఇంకా నెమ్మదించాడు. సన్నటి సూది గీతల వెంబడే లోపలికి పోతుంటే అమ్మ కళ్లు మూసుకుంది. గొర్రె గొంతులో వెతికేటప్పుడు మూసుకున్నట్టే మూసుకుంది. అరవలేదు. నేనే ఏడ్చాను.

"ఏడ్సే పనైతే బయటికి పొయ్యి ఏడువు. ఆయప్పను పని జేసుకోనీ," అంది అమ్మ కళ్లు తెరవకుండా.

ఆ తర్వాత వచ్చిన రోజులు బాగా లేవు. వేళ్లు వాచి, అమ్మ ఎడమచేత్తో ముద్ద తినాల్సి వచ్చింది. అవ్వలాగా. ఇద్దరమూ ఆ మాట పైకి అనలేదు. టీకా కోసం పోవాల్సిన ప్రతిసారీ ధర్మవరం నుంచి వచ్చి నేనే తీసుకుపోయాను. వచ్చిన వెంటనే చెంబుతో నీళ్లు ఇచ్చి, గొంతు దిగేదాకా చూసేదాన్ని. ఆ జబ్బు వస్తే నీళ్లు చూస్తేనే గొంతు బిగుసుకుపోతుంది. అమ్మకు ఆ సంగతి నేను చెప్పలేదు. ఆమె కనిపెట్టేసింది. ఒకనాడు చెంబెడు నీళ్లూ గటగటా తాగేసి, చెంబు బోర్లించి నా ముందు పట్టుకుంది. ఇంకో చెంబు తాగమంటావా అని అడిగింది.

ఈలోగా తిమ్మప్ప మామ మందలో కుక్క పీకిన ఇంకో గొర్రె చొంగ కార్చడం మొదలుపెట్టింది. ఈసారి ఆయన దాని నోరు తెరవలేదు. దూరంగా కట్టేసి శ్రీదేవికి ఫోన్ చేశాడు. అది చచ్చాక ఆమె మెదడు ముక్క పరీక్షకు పంపింది. రేబిస్ అని తేలిన రోజు ఆమె నాకు ఫోన్ చేస్తే, కాలేజీ మెట్ల మీద నుంచే అమ్మకు ఫోన్ చేశాను. తిమ్మప్ప మామ మిగిలిన గొర్రెలకూ, రెండు ఊళ్ల కుక్కలకూ ఆమె టీకాలు వేసింది. అమ్మ అప్పటికి టీకాలన్నీ పూర్తి చేసుకుని ఉంది.

ఆ ఏడు వైరస్‌ల పాఠంలో నేను తాళంచెవి బొమ్మ గీయలేదు. తోలు కప్పిన పిల్ల బొమ్మ గీశాను. నా బొమ్మ చూసి అది కుందేలా అని ముందు వరసలో పిల్లలు నవ్వారు. వెనక వరసలో తాడిమర్రి నుంచి వచ్చే గొర్రెలకాపరుల అమ్మాయి మాత్రం వాళ్లకు లేచి వివరించింది.

వేళ్ల వాపు తగ్గింది, గీతలు మానాయి. అయినా అమ్మను ఎవరూ పిలవలేదు. సబ్బు పెట్టిందని, వేళ్లకు సూదులు వేయించుకుందని, చెయ్యి పెట్టిన గొర్రె చచ్చిందని ఊళ్లన్నిటికీ తెలుసు. అమ్మ కూర్చున్న చోట గుప్పిట మూసి తెరుస్తూ ఉండేది. శ్రీదేవి ఇచ్చిన మోచేతి దాకా వచ్చే పలుచని గ్లౌజుల పొట్లం మేకుకు వేలాడుతూనే ఉంది. అమ్మను దక్కించుకున్నాను గానీ ఆమె చేతిని పోగొట్టానేమో అని నాకు దిగులు పట్టుకుంది. ప్రాణం ముందు అదెంత అని ఎవరైనా అనొచ్చు. ఆ చెయ్యి లేని అమ్మను ఇంట్లో చూడనివాళ్లు అంటారు.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున తిమ్మప్ప మామ ఒక పడుచు గొర్రెను భుజాన వేసుకుని వచ్చాడు. తొలి కాన్పు. పిల్ల అడ్డం తిరిగింది. శ్రీదేవి వేరే ఊళ్లో ఉంది, వచ్చేదాకా ఇది ఆగేటట్టు లేదు. ఆయన గుమ్మం బయటే నిలబడి, ముందు గొర్రెను చూశాడు, తర్వాత అమ్మ చెయ్యి చూశాడు.

"నిలబడినావేమప్పా, దించు," అంది అమ్మ.

అమ్మ ముందు గొర్రె నోరు, కళ్లు చూసింది. ఈమధ్య కుక్క ఏమైనా పడిందా అని అడిగింది. లేదన్నాడు. తొట్టి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, మేకు మీది పొట్లం నన్ను తెమ్మంది. మోచేతి దాకా గ్లౌజు ఎక్కించుకుంటూ నా వైపు చూసి నవ్వింది.

"నేనూ తోలు కప్పుకుంటాండా సూడు."

చెయ్యి లోపలికి పోయింది. కళ్లు మూసుకుంది. తిమ్మప్ప మామ గొర్రె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొంచెంసేపటికి అమ్మ నుదురు ముడిపడింది. చేతికి ఏమీ తెలియడం లేదు అంది. ఆ గొంతులో భయం నేను ఎప్పుడూ వినలేదు. అడ్డం వచ్చింది గ్లౌజో, వాచి మానిన వేళ్లో నాకు తెలియదు. గ్లౌజు తీసేయమందామని నోటిదాకా వచ్చింది. నేను, ఆ నోటితో సబ్బు కోసం అన్నేళ్లు అరిచిన నేను. పళ్లు బిగబట్టి ఆగాను.

"ఉండు. కాలు తగిలింది," అంది అమ్మ. "ముందుకాలే. మడిచిపెట్టుకోనుండాది."

ఆమె మోచెయ్యి నెమ్మదిగా తిరిగింది. లోపల ఆ రెండు వేళ్లూ వంగుతున్నాయని, పట్టుకుంటున్నాయని, తిప్పుతున్నాయని బయటి నుంచే నాకు తెలుస్తోంది. కాళ్లు రెండూ బయటికి వచ్చాయి, వాటి మీద ఆనించుకున్న మూతి వచ్చింది, ఆ వెంటనే పిల్లంతా జారిపడింది. కదల్లేదు. అమ్మ దాన్ని వెనక కాళ్లు పట్టి ఎత్తి ఊపి, ముక్కులో జిగురు తుడిచి, గడ్డిపరకతో ముక్కులో గెలికింది. పిల్ల తుమ్మింది. గొర్రె లేవలేక లేచి, మూతి చాపి, పిల్ల తోక కింద వాసన చూసి నాకడం మొదలుపెట్టింది.

"దీనికి ఏ తోలూ అక్కర్లేదు," అంది అమ్మ. గ్లౌజు ఊడదీసి, గుప్పిట మూసి తెరిచి చూసుకుంది. కళ్లు తుడుచుకోబోయి, చేతులు కడుక్కోలేదని గుర్తొచ్చి భుజంతో తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు.

తిమ్మప్ప మామ చేతుల నిండా జిగురూ నెత్తురూ ఉన్నాయి. అలవాటు కొద్దీ లేచి పొయ్యి దగ్గరికి బూడిద కోసం పోయాడు. రెండు గుప్పిళ్లు తీసుకున్నాడు కూడా. అక్కడి నుంచి అమ్మను చూశాడు. అమ్మ తొట్టి దగ్గర కూర్చుని వేళ్ల సందులు, గోళ్ల సందులు ఒక్కొక్కటే రుద్దుకుంటోంది. ఆయన బూడిద పొయ్యిలోనే పడేసి వచ్చి, అమ్మ పక్కన గొంతుకూర్చున్నాడు.

"అక్కా," అని రెండు చేతులూ చాపాడు. "ఆ సబ్బు నాకూ రోంత ఇయ్యి."